పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో మెదడు స్కాన్‌ను ఎలా చదవాలి, దానిని బట్టి ఏం చేయాలి

క్యాజువాల్టీ డ్యూటీలో ఉన్న యువ వైద్యులు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "పేషెంటుకు గంటన్నర క్రితం కుడి కాలు, చేయి పడిపోయాయి, మాట కూడా పోయింది. సీటీ తీయిస్తే నార్మల్ అని వచ్చింది. ఎంఆర్‌ఐ తీసేదాకా ఆగాలా?" ఆగకూడదు. తొలి గంటల్లో సీటీ నార్మల్‌గా ఉందంటే పక్షవాతం లేదని అర్థం కాదు. మెదడులో రక్తస్రావం లేదని, రక్తం అందని భాగంలో దెబ్బ ఇంకా సీటీలో కనిపించేంతగా ముదరలేదని మాత్రమే అర్థం. గడ్డ కరిగించే మందు ఎక్కువ మేలు చేసేది సరిగ్గా ఆ స్థితిలోనే. పెద్ద రక్తనాళం పూడుకున్నప్పుడు నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో లెక్కగట్టారు కాబట్టి, నార్మల్ సీటీని చూసి రోగిని వార్డుకు పంపి "రేపు చూద్దాం" అనుకోవడం కంటే పెద్ద నష్టం ఈ వైద్యంలో మరొకటి ఉండదు.

ఈ వ్యాసం ఒక సీటీ యంత్రం ఉండి, న్యూరాలజిస్టు ఫోనులో మాత్రమే దొరికే ఆసుపత్రిలో పనిచేసే వైద్యుల కోసం రాసినది. మందు ఇచ్చే నిర్ణయం మీ ఆసుపత్రి ప్రోటోకాల్ ప్రకారం, స్ట్రోక్ వైద్యునితో మాట్లాడి తీసుకోవలసినదే. అయితే ఆ ఫోను చేసేసరికి స్కాన్‌లో ఏముందో మీరు స్పష్టంగా చెప్పగలిగితే చాలా సమయం మిగులుతుంది.

ముందుగా సిద్ధంగా ఉండవలసినవి

గ్లూకోమీటర్, బీపీ యంత్రం, రోగి బరువు తూచే సాధనం, మోచేతి మడత దగ్గర పెట్టడానికి 18 లేదా 20 గేజి క్యాన్యులా, ఎన్‌ఐహెచ్ స్ట్రోక్ స్కేల్ (లక్షణాల తీవ్రతకు మార్కులు వేసే పట్టిక) ముద్రించిన కాగితం, సీటీ గదికే తీసుకెళ్లగల మందుల పెట్టె కావాలి. ఆ పెట్టెలో గడ్డ కరిగించే మందుతో పాటు బీపీ తగ్గించే లాబెటలాల్ కూడా ఉండాలి. వీటన్నిటి కంటే ముఖ్యమైనది సీటీ టెక్నీషియనుతో ముందే కుదుర్చుకున్న ఏర్పాటు. పక్షవాతం కేసు వస్తోందని 108 నుంచి గానీ గేటు నుంచి గానీ కబురు అందగానే టేబుల్ ఖాళీ చేయించాలి. రోగి ఆసుపత్రిలోకి అడుగుపెట్టిన 20 నిమిషాల్లో స్కాన్ మొదలుకావాలి.

1. సమయాన్ని ఖరారు చేయండి

"ఎప్పుడు వచ్చింది?" అని అడిగితే, బంధువులు తాము చూసిన సమయం చెబుతారు. మీకు కావలసింది అది కాదు, రోగి చివరిసారిగా బాగా ఉన్నట్టు తెలిసిన సమయం. "పొద్దున ఆరింటికి లేచి చూసేసరికి మూతి వంకరపోయింది" అని చెప్పినప్పుడు గడియారం మొదలయ్యేది ఆరింటికి కాదు, రాత్రి పడుకున్నప్పుడు. అక్కడితో వదిలేయకుండా మరో మూడు ప్రశ్నలు అడగండి. తెల్లవారుజామున బాత్రూముకు లేచారా? అప్పుడు మామూలుగా నడిచారా? ఎవరితోనైనా ఫోనులో మాట్లాడారా? నాలుగున్నరకు లేచి మంచినీళ్లు తాగి, భార్యతో మాట్లాడి మళ్లీ పడుకున్న మనిషికి సమయం నాలుగున్నర నుంచే లెక్క. ఆ ఒక్క మాట వైద్యం అందడానికీ అందకపోవడానికీ మధ్య తేడా కావచ్చు. తెలిసిన సమయాన్ని కేసు షీటు మొదటి వరుసలోనే రాయండి.

2. సీటీకి ముందు చేయవలసినంతే చేయండి

రక్తంలో చక్కెర తప్పనిసరిగా చూడండి. చక్కెర పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఒక పక్క చచ్చుబడవచ్చు, కాబట్టి 60 కంటే తక్కువ ఉంటే ముందు దానిని సరిచేసి మళ్లీ పరీక్షించండి. బీపీ చూసి, క్యాన్యులా పెట్టి, స్ట్రోక్ స్కేల్ వేసి బయలుదేరండి. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, క్రియాటినిన్ రిపోర్టు కోసం రోగిని క్యాజువాల్టీలో ఆపకండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని తప్పక అడగండి. వార్ఫరిన్ వంటివి వాడుతున్నా, రక్తస్రావ వ్యాధి అనుమానం ఉన్నా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును కొలిచే పరీక్ష), ప్లేట్‌లెట్ల ఫలితాలు వచ్చేదాకా గడ్డ కరిగించే మందు ఇవ్వకుండా ఆగాలి. మిగతా వారి విషయంలో నమూనా పంపి ముందుకు సాగవచ్చు.

3. కాంట్రాస్టు (రక్తనాళాలు కనిపించేలా ఎక్కించే మందు) లేని సీటీ సరిగా తీయించండి

తల నిటారుగా ఉండేలా చూడండి. తల ఒక పక్కకు ఒరిగితే కుడి, ఎడమ భాగాలు వేర్వేరు మట్టాల్లో కోసినట్టు కనిపించి, లేని తేడా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. 5 మిల్లీమీటర్ల స్లైసులతో పాటు, 1 మిల్లీమీటరు లేదా అంతకంటే పలుచని స్లైసులు కూడా చేయించండి. రక్తనాళంలోని చిన్న గడ్డ మందపాటి స్లైసుల్లో కలిసిపోయి కనిపించకపోవచ్చు. రోగి కదిలిపోతే ఆ స్లైసులను వెంటనే మళ్లీ తీయించండి, మసక చిత్రం మీద నిర్ణయం తీసుకోకండి.

స్కాన్ జరుగుతుండగా మీరు కన్సోల్ దగ్గరే ఉండండి. ఫిల్ము ముద్రించి వార్డుకు వచ్చేదాకా కూర్చుంటే అరగంట పోతుంది.

4. మొదటి ప్రశ్న ఒక్కటే: రక్తం ఉందా?

కన్సోల్‌పై మొదట రోగి పేరు, తేదీ సరిచూడండి. తెరపై ఎడమ వైపు కనిపించేది రోగి కుడి వైపు అన్న సంగతి గుర్తుంచుకొని, చిత్రంపై ఉన్న గుర్తును కూడా చూడండి. మామూలు మెదడు విండోలో (తెరపై నలుపు తెలుపుల అమరికలో), అంటే వెడల్పు 80, మధ్య విలువ 40 దగ్గర, పుర్రె అడుగు నుంచి పైదాకా ప్రతి స్లైసూ చూడండి.

తాజా రక్తం తెల్లగా, 50 నుంచి 70 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రత కొలమానం) మధ్య కనిపిస్తుంది. మెదడు లోతుల్లోని బేసల్ గ్యాంగ్లియా, థాలమస్, మెదడు కాండంలోని పాన్స్, చిన్నమెదడు అనే నాలుగు చోట్లా ప్రత్యేకంగా వెతకండి. బీపీ వల్ల వచ్చే రక్తస్రావాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. ఆ తర్వాత మెదడు పక్కనున్న సిల్వియన్ చీలిక, మెదడు అడుగున ఉన్న సిస్టర్నులు (ద్రవం నిండిన ఖాళీలు), జఠరికల (మెదడు లోపలి ద్రవపు గదుల) వెనుక కొమ్ములు చూడండి. పలుచని రక్తపు పొర తరచూ ఆ కొమ్ముల్లోనే అడుగున పేరుకొని ఉంటుంది. చివరగా పుర్రె లోపలి అంచు వెంట సబ్‌డ్యూరల్ రక్తస్రావం (మెదడును కప్పే పొర కింద చేరిన రక్తం) ఉందేమో చూడండి.

తెల్లగా ఉన్నదంతా రక్తం కాదు. పీనియల్, కోరాయిడ్ ప్లెక్సస్, పెద్దవయసువారి బేసల్ గ్యాంగ్లియాలలో కాల్షియం పేరుకోవడం మామూలే. అది తరచూ రెండు పక్కలా సమానంగా ఉంటుంది, విలువ 100 దాటుతుంది. అనుమానం వస్తే కర్సర్ పెట్టి విలువ కొలవండి, కంటి అంచనాతో సరిపెట్టుకోకండి. దీనికి విరుద్ధమైన ప్రమాదం కూడా ఉంది. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉన్నవారిలో తాజా రక్తం అంత తెల్లగా కనిపించదు, మెదడు రంగులోనే కలిసిపోవచ్చు. రక్తహీనత ఎక్కువగా కనిపించే మన ఆసుపత్రుల్లో, రోగి పాలిపోయి ఉంటే ఈ విషయం తప్పక గుర్తుంచుకోండి.

5. రక్తం ఉంటే

గడ్డ కరిగించే మందు ఆలోచన అక్కడితో ముగిసింది. రక్తపు గడ్డ ఎంత ఉందో కొలవండి. గడ్డ అతి పెద్దగా కనిపించే స్లైసులో పొడవును, దానికి లంబంగా వెడల్పును సెంటీమీటర్లలో కొలిచి, ఎత్తుతో గుణించి రెండుతో భాగించండి. ఎత్తు అంటే గడ్డ కనిపించే స్లైసుల సంఖ్యను స్లైసు మందంతో గుణించిన విలువ. 4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, 5 మిల్లీమీటర్ల స్లైసులు ఆరింటిలో కనిపిస్తే ఎత్తు 3 సెంటీమీటర్లు, పరిమాణం 18 మిల్లీలీటర్లు. అంచుల్లో గడ్డ చిన్న చుక్కగా మిగిలిన స్లైసులను పూర్తి స్లైసులుగా లెక్కపెట్టడం సాధారణంగా జరిగే పొరపాటు, దానివల్ల పరిమాణం ఎక్కువగా వస్తుంది.

ఫోనులో స్ట్రోక్ వైద్యునికి గడ్డ ఉన్న చోటు, పరిమాణం, జఠరికల్లోకి రక్తం చేరిందా లేదా, మధ్యరేఖ ఎంత జరిగింది, రోగి స్పృహ ఎలా ఉంది అనే ఐదు విషయాలు చెప్పండి. చిన్నమెదడులో 3 సెంటీమీటర్లు మించిన గడ్డ ఉంటే అదే ఫోనులో న్యూరోసర్జన్‌ను కూడా అడగండి. అలాంటి రోగి మాట్లాడుతూ ఉండగానే గంటల్లో స్పృహ తప్పవచ్చు. పై బీపీ 150 నుంచి 220 మధ్య ఉంటే 140 లక్ష్యంగా నెమ్మదిగా, ఎగుడుదిగుళ్లు లేకుండా తగ్గించాలి. వార్ఫరిన్ వాడేవారికి దాని విరుగుడు వెంటనే మొదలుపెట్టాలి.

రక్తస్రావం ధమని పరిధికి పొసగకుండా, నెత్తికి దగ్గరగా లేదా రెండు పక్కలా ఉంటే సిరల్లో గడ్డ గురించి ఆలోచించండి. ముఖ్యంగా కొత్తగా ప్రసవించిన స్త్రీకి తలనొప్పి, ఫిట్స్ వచ్చి ఈ చిత్రం కనిపిస్తే సీటీ వీనోగ్రాం (సిరలను చూపే స్కాన్) తీయించేదాకా వదలకండి. దానికి రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇవ్వాలి, సిరల గడ్డ వల్ల రక్తం చిమ్మినా సరే ఇవ్వాలి. రక్తం చూసి హెపారిన్ ఆపేయడం అక్కడ తప్పవుతుంది.

6. రక్తం లేకపోతే, తొలి గుర్తులు వెతకండి

ఇప్పుడు విండో మార్చండి. వెడల్పు 40, మధ్య విలువ 35 నుంచి 40 దగ్గర పెడితే బూడిద, తెల్ల పదార్థాల మధ్య తేడా ప్రస్ఫుటమవుతుంది. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే చాలా తొలి గుర్తులు కంటికి అందవు. రోగి లక్షణాలను మనసులో పెట్టుకొని, వాటికి సంబంధించిన వైపే ఎక్కువసేపు చూడండి. కుడి కాలు చేయి పడిపోయి మాట పోతే ఎడమ మధ్య మస్తిష్క ధమని ప్రాంతం చూడాలి. కళ్లు ఏ వైపు తిరిగి ఉన్నాయో కంటిగూళ్ల స్లైసులోనే తెలుస్తుంది, అవి సాధారణంగా దెబ్బతిన్న అర్ధగోళం వైపే తిరుగుతాయి.

ఇన్సులా (సిల్వియన్ చీలిక లోతున ఉండే మెదడు భాగం) అంచున ఉండే బూడిద రేఖ చెరిగిపోవడం, లెంటిఫారం కేంద్రకం ఆకారం మసకబారడం, కార్టెక్స్ (మెదడు పైపొర) మడతలు పూడుకుపోవడం, మధ్య మస్తిష్క ధమని తెల్లని గీతలా కనిపించడం ముఖ్యమైన గుర్తులు. బేసిలార్ ధమని పాన్స్ ముందు తెల్లని చుక్కలా ఉందేమో కూడా చూడండి. ధమని తెల్లగా ఉందంటే తప్పనిసరిగా గడ్డ ఉన్నట్టు కాదు. రక్తం చిక్కగా ఉన్నవారిలో నాళాలన్నీ తెల్లగానే కనిపిస్తాయి. ఒక పక్క నాళం మాత్రమే రెండో పక్క కంటే స్పష్టంగా తెల్లగా ఉంటేనే దానికి విలువ ఇవ్వండి.

తర్వాత ఆస్పెక్ట్స్ లెక్క వేయండి. కెనడాలోని కాల్గరీ వైద్యులు 2000లో ప్రకటించిన ఈ పద్ధతిలో మధ్య మస్తిష్క ధమని ప్రాంతాన్ని పది భాగాలు చేస్తారు. బేసల్ గ్యాంగ్లియా మట్టంలో కాడేట్, లెంటిఫారం, ఇంటర్నల్ క్యాప్సూల్, ఇన్సులా, కార్టెక్స్‌లో ఎం1, ఎం2, ఎం3 అనే ఏడు భాగాలు ఉంటాయి. దానికి పైమట్టంలో ఎం4, ఎం5, ఎం6 ఉంటాయి. పదితో మొదలుపెట్టి, దెబ్బతిన్న ఒక్కో భాగానికి ఒక్కో మార్కు తీసేయండి. రెండు స్లైసులు చూసి సరిపెట్టకుండా, ఆ మట్టాల్లోని స్లైసులన్నీ చూసి మార్కు తీయండి. పాత ఇన్‌ఫార్క్టుకు (రక్తం అందక చచ్చిపోయిన భాగానికి) మార్కు తీయకూడదు. పాతది నీటి రంగులో నల్లగా ఉంటుంది, దాని పక్క జఠరిక పెద్దదై ఉంటుంది. చిన్నమెదడు, బ్రెయిన్‌స్టెం ఈ లెక్కలోకి రావు కాబట్టి, తల తిరుగుడు, రెండుగా కనిపించడం, మింగలేకపోవడం ఉన్న రోగికి ఆస్పెక్ట్స్ పది వచ్చిందని ధైర్యపడకండి.

మధ్య మస్తిష్క ధమని ప్రాంతంలో మూడో వంతు కంటే ఎక్కువ భాగం స్పష్టంగా నల్లబడి ఉంటే మందు ప్రమాదకరం. గంట క్రితమే వచ్చిందని చెప్పిన రోగిలో అంత నలుపు కనిపిస్తే సమయం తప్పు చెప్పారని అనుకొని, మొదటి మెట్టుకు తిరిగి వెళ్లి బంధువులను మళ్లీ అడగండి.

7. మందు నిర్ణయం సీటీ టేబుల్ దగ్గరే తీసుకోండి

రక్తం లేదు, విస్తారమైన నలుపు లేదు, రోజువారీ పనులకు ఆటంకమయ్యే లోపం ఉంది, చివరిసారి బాగా ఉన్న సమయం నుంచి 4.5 గంటలు దాటలేదు, ఇతర నిషేధాలు లేవు అన్నప్పుడు గడ్డ కరిగించే మందు ఆల్టెప్లేజ్ ఇవ్వవచ్చు. మూడు గంటల గడువు 1995లో, నాలుగున్నర గంటల గడువు 2008లో జరిగిన అధ్యయనాల నుంచి వచ్చాయి. మందు ఇచ్చేముందు బీపీ 185/110 కంటే తక్కువకు రావాలి, ఇచ్చాక 24 గంటలు 180/105 దాటకూడదు. ఐఎన్‌ఆర్ 1.7 దాటినా, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువ ఉన్నా ఇవ్వకూడదు. మోతాదు కిలోకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 మించరాదు. అందులో పదో వంతు ఒకేసారి ఇచ్చి, మిగతాది గంటసేపు ఎక్కించాలి.

అదే పని చేసే టెనెక్టెప్లేజ్ వాడే చోట ఒక హెచ్చరిక తప్పనిసరి. గుండెపోటుకు వాడే మోతాదు పక్షవాతానికి వాడేదానికి సుమారు రెట్టింపు ఉంటుంది. పక్షవాతానికి కిలోకు 0.25 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 25 మాత్రమే అని పెద్ద అధ్యయనాల్లో వాడారు. మీ దగ్గరున్న మందు లేబుల్, మీ ప్రోటోకాల్ రెండూ చూసి, ఇద్దరు మనుషులు లెక్క సరిచూశాకే ఎక్కించండి.

8. యాంజియో తీయించండి, కానీ మందును దానికోసం ఆపకండి

లక్షణాలు తీవ్రంగా ఉంటే, పెద్ద రక్తనాళం మూసుకుపోయిందా అనేది తెలియాలి. బృహద్ధమని వంపు నుంచి తల పైదాకా సీటీ యాంజియో (కాంట్రాస్టు ఎక్కించి రక్తనాళాలను చూపే స్కాన్) తీయించండి. మెదడు మాత్రమే తీస్తే మెడలోని కెరోటిడ్ పూడిక కనిపించదు, గడ్డ తీసే గొట్టం ఎలా పోవాలో కూడా తెలియదు. సాధారణంగా మూత్రపిండాల వ్యాధి చరిత్ర లేని రోగికి క్రియాటినిన్ కోసం ఆగనవసరం లేదు. మొదటి మోతాదు ఇచ్చాక రోగి టేబుల్‌పై ఉండగానే యాంజియో చేయవచ్చు.

ఇంటర్నల్ కెరోటిడ్, ఎం1 (మధ్య మస్తిష్క ధమని మొదటి భాగం, ఆస్పెక్ట్స్ లెక్కలోని ఎం1 కాదు), బేసిలార్ ధమనుల్లో ఏదైనా మూసుకుపోయి ఉంటే, గడ్డను తీసే చికిత్స చేయగల ఆసుపత్రికి వెంటనే పంపాలి. మందు పనిచేస్తుందేమో చూద్దామని ఆగకూడదు. 2015లో వచ్చిన ఐదు అధ్యయనాలు ఆరు గంటల్లోపు ఈ చికిత్స మేలని నిరూపించాయి, 2018లో వచ్చిన డాన్, డిఫ్యూజ్ 3 అధ్యయనాలు ఎంపిక చేసిన రోగుల్లో గడువును 24 గంటల దాకా పెంచాయి. ఆస్పెక్ట్స్ 3 నుంచి 5 ఉన్నవారిలో కూడా ప్రయోజనం ఉంటుందని 2022, 2023లో తెలిసింది కాబట్టి, మార్కు తక్కువ వచ్చిందని మీరే కేసును మూసేయకండి.

ఆరు గంటల్లోపు వచ్చిన రోగికి సాదా సీటీ, యాంజియో చాలు. ఆలస్యంగా వచ్చినవారికి పర్ఫ్యూజన్ (ఏ భాగానికి రక్తం ఎంత అందుతోందో రంగుల్లో చూపే స్కాన్) సాయం చేస్తుంది, కానీ రంగుల చిత్రాన్ని గుడ్డిగా నమ్మకండి. రోగి కదిలినా, కాంట్రాస్టు సరిగా వెళ్లకపోయినా, మెడ రక్తనాళం ముందునుంచే సన్నబడి ఉన్నా యంత్రం తప్పుడు పరిమాణాలు చూపిస్తుంది. సాదా సీటీలో పాతగా కనిపించిన చోటు పర్ఫ్యూజన్‌లో కొత్త దెబ్బలాగా చూపవచ్చు.

9. ఎంఆర్‌ఐ ఎవరికి?

గడువులో ఉండి సీటీ సరిపోయినవారికి ఎంఆర్‌ఐ కోసం మందు ఆలస్యం చేయకూడదు. నిద్రలేచేసరికి లక్షణాలతో ఉన్నవారికి, సమయం తెలియనివారికి, పక్షవాతమా కాదా అని గట్టి సందేహం ఉన్నవారికి ఉపయోగపడుతుంది. ఎంఆర్‌ఐలో డీడబ్ల్యూఐ అనే చిత్రంలో తెల్లగా, అదే చోట ఏడీసీ అనే చిత్రంలో నల్లగా ఉంటేనే కొత్త ఇన్‌ఫార్క్టు. రెండింటిలోనూ తెల్లగా ఉంటే అది పాత మార్పు అయ్యే అవకాశం ఎక్కువ, కాబట్టి డీడబ్ల్యూఐ ఒక్కటే చూసి రిపోర్టు ఇవ్వకండి. డీడబ్ల్యూఐలో దెబ్బ కనిపిస్తూ ఫ్లెయిర్ అనే మరో ఎంఆర్‌ఐ చిత్రంలో ఇంకా కనిపించకపోతే, అది సుమారు 4.5 గంటల్లోపు వచ్చినదై ఉండవచ్చు. 2018లో వెలువడిన వేక్-అప్ అధ్యయనం ఆ లెక్కతోనే, నిద్రలో పక్షవాతం వచ్చినవారికి ఆల్టెప్లేజ్ ఇచ్చి ప్రయోజనం చూపింది. బ్రెయిన్‌స్టెంలో చిన్న ఇన్‌ఫార్క్టు తొలి రోజు డీడబ్ల్యూఐలో కూడా కనిపించకపోవచ్చు. లక్షణాలు స్పష్టంగా ఉంటే నార్మల్ ఎంఆర్‌ఐ చూసి రోగిని ఇంటికి పంపకండి.

ఎంఆర్‌ఐ గదిలోకి ఇనుప ఆక్సిజన్ సిలిండర్ ఎట్టి పరిస్థితిలోనూ తీసుకెళ్లకండి. పేస్‌మేకర్, లోహపు క్లిప్పులు ఉన్నాయా అని లోపలికి వెళ్లకముందే అడగండి. హడావిడిలోనే ఈ ప్రమాదాలు జరుగుతాయి.

10. స్కాన్‌ను ఫోనులో పంపే పద్ధతి

వెలుగుపెట్టె మీద ఫిల్మును ఫొటో తీసి పంపితే అవతలి వైద్యునికి మెరుపు, నీడ తప్ప ఇంకేమీ కనిపించవు. కన్సోల్ తెరను రెండు విండోల్లో వేర్వేరుగా, పుర్రె అడుగు నుంచి పైకి నెమ్మదిగా స్క్రోల్ చేస్తూ వీడియో తీయండి. గదిలో లైట్లు ఆర్పి, ఫోనును తెరకు ఎదురుగా నిటారుగా పట్టుకోండి. వీలైతే ఆసుపత్రి అనుమతించిన డైకాం ఫైలు (స్కాన్ అసలు చిత్రాల ఫైలు) పంపించడం ఉత్తమం. రోగి పేరు, నంబరు కనిపించకుండా చూసుకొని, వయసు, చివరిసారి బాగా ఉన్న సమయం, స్ట్రోక్ స్కేల్ మొత్తం, బీపీ, చక్కెర మాత్రం ఒకే సందేశంలో రాయండి.

11. మళ్లీ స్కాన్ చేసి ఫలితం చూడండి

మందు ఎక్కుతుండగా తీవ్రమైన తలనొప్పి, వాంతి, బీపీ ఒక్కసారిగా పెరగడం, మగత, వీటిలో ఏది కనిపించినా మందు ఆపి వెంటనే సీటీ తీయించండి. ఏమీ లేకపోయినా 24 గంటలకు సీటీ తప్పనిసరి. ఆ స్కాన్ చూసి రక్తం లేదని నిర్ధారించాకే ఆస్పిరిన్ లేదా హెపారిన్ వంటివి మొదలుపెట్టాలి. ఇన్‌ఫార్క్టు లోపల చిన్న చుక్కలుగా రక్తం కనిపించడం వేరు, చుట్టుపక్కల నొక్కుతూ పెద్ద గడ్డ ఏర్పడటం వేరు. రెండోది రోగి స్థితిని మార్చేస్తుంది, స్ట్రోక్ వైద్యునికి వెంటనే చెప్పాలి.

రక్తనాళంలోని గడ్డను తొలగించాక తీసిన సీటీలో తెల్లగా కనిపించేదంతా రక్తం కాదు, కాంట్రాస్టు కణజాలంలోకి ఇంకి ఉండవచ్చు. డ్యూయల్ ఎనర్జీ సీటీ ఉంటే రెండూ విడదీయవచ్చు. లేకపోతే మర్నాడు మళ్లీ తీసి చూస్తే కాంట్రాస్టు చాలావరకు కరిగిపోతుంది, రక్తం మిగిలే ఉంటుంది.

మధ్య మస్తిష్క ధమని ప్రాంతం చాలా భాగం దెబ్బతిని, రోగికి మగత పెరుగుతున్నప్పుడు, 24 గంటల సీటీ కోసం కాచుకోకుండా ముందే న్యూరోసర్జన్‌తో మాట్లాడండి. 60 ఏళ్లలోపు వారిలో పుర్రె ఎముక తీసి ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్స 48 గంటల్లోపు చేస్తే ప్రాణం నిలిచే అవకాశం గణనీయంగా పెరుగుతుందని 2007లో మూడు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. మగత, కనుపాప పెద్దదవడం, మధ్యరేఖ జరగడం అన్నీ కలిసి వచ్చేదాకా ఆగితే సర్జన్‌కు చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు కాబట్టి, ఈ రోగుల్లో స్పృహను గంటగంటకూ రాసి ఉంచండి.